ప్రపంచ పెట్టుబడికి పగ్గాలు వేసేదెవరు? మన ముందున్న దారులు, వాటిలో ఏది పట్టుకోవాలి

2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో, పెంచిన కరెంటు చార్జీలు తగ్గించాలంటూ అసెంబ్లీ వైపు నడిచిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. ఆ చార్జీల వెనక 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టం ఉంది. ఆ చట్టానికి తోడుగా 1999లో ప్రపంచ బ్యాంకు మంజూరు చేసిన 21 కోట్ల డాలర్ల అప్పు, దానితోపాటు వచ్చిన షరతులు ఉన్నాయి. బిల్లు కట్టే మనిషికి అసెంబ్లీని మార్చే ఓటు ఉంది. షరతులు రాసిన వాషింగ్టన్ బోర్డు దాకా ఆ ఓటు చేరదు.

నాలుగేళ్ల తర్వాత, 2004లో, జనం ఆ ఓటు వాడారు. ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం రోజునే వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. ఓటుకు విలువ లేదనేవాళ్లకు నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ ఇదే. కానీ కరెంటు బోర్డును ముక్కలు చేసిన ఏర్పాటు, చార్జీలు తేల్చడానికి నియంత్రణ మండలి పెట్టిన ఏర్పాటు అలాగే ఉండిపోయాయి. ఓటు కొంత దూరం వెళ్లి ఆగింది.

అది ఆగిన చోటు నుంచి మొదలయ్యే ప్రశ్న గురించే ఈ వ్యాసం. పెట్టుబడి ప్రపంచమంతా తిరుగుతుంది, ప్రజాస్వామ్యం మాత్రం దేశం సరిహద్దు దగ్గర నిలిచిపోతుంది. దాన్ని సరిహద్దు దాటించడానికి ఏ దారులున్నాయి? దేనికి మన సమయం, గొంతు, చందా ఇవ్వాలి? కాలేజీ పిల్లలు, యూనియన్ కార్యకర్తలు, అమెరికాలో స్థిరపడ్డ బంధువులు నన్ను ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో అడుగుతూనే ఉంటారు. అందరికీ ఒకే జవాబు సరిపోదు గనుక దారులను పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఏది మేలో నా అభిప్రాయం కూడా దాచుకోను.

ముందు కొలబద్ద

ఏ దారినైనా తూచడానికి నాకు మూడు ప్రశ్నలు చాలు. నిర్ణయం ఎవరు తీసుకుంటున్నారు? దాని దెబ్బ ఎవరికి తగులుతోంది? దెబ్బ తగిలినవాళ్లు వద్దంటే అది ఆగుతుందా?

మూడో ప్రశ్న దగ్గరే చాలా గొప్ప ఏర్పాట్లు తేలిపోతాయి. 2015 జులై 5న గ్రీస్ ప్రజలు రుణదాతల షరతులను రెఫరెండంలో 61 శాతం ఓట్లతో తిరస్కరించారు. వారం తిరగకముందే ఆ ప్రభుత్వమే అలాంటి షరతులకు తలొగ్గింది. బ్యాంకులు మూతపడి ఉన్నాయి, ఏటీఎంలో రోజుకు 60 యూరోలకు మించి రావడం లేదు. అంత పెద్ద ఓటు కూడా నిలబడలేదు. మన పక్కనున్న శ్రీలంకదీ అలాంటి కథే. 2022లో అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది, 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్)తో సుమారు 300 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2024 సెప్టెంబరులో జనం పాత పార్టీలన్నిటినీ పక్కకు నెట్టి, షరతుల మీద మళ్లీ మాట్లాడతానన్న అనుర కుమార దిసనాయకెను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. మనుషులు మారారు, కార్యక్రమం ప్రధాన లక్ష్యాలు మారలేదు.

కాబట్టి ఓటు ఉందా లేదా అని మాత్రమే చూస్తే సరిపోదు. ఆ ఓటుకు పట్టు ఉందా అన్నది చూడాలి.

ఒకటో దారి: ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకుల్లో ఓట్లు సరిచేయడం

1944 జులైలో అమెరికాలోని బ్రెటన్ వుడ్స్‌లో 44 దేశాలు కూర్చుని ఈ రెండు సంస్థలకు రూపం ఇచ్చాయి. వీటిలో ఓటు దేశానికొకటి కాదు, మనిషికొకటీ కాదు. వాటా ధనాన్ని బట్టి ఓటు. ఐఎంఎఫ్‌లో అమెరికా ఓటు 16 శాతానికి పైన, భారత్ ఓటు 2.6 శాతం చుట్టూ. పెద్ద నిర్ణయాలకు 85 శాతం మద్దతు కావాలి గనుక అమెరికా ఒక్కటే కాదంటే ఏదీ కదలదు. జనాభా లెక్కన వేసి చూడండి. ఒక్కో అమెరికన్‌కు దక్కే ఓటు బరువు ఒక్కో భారతీయుడి కంటే పాతిక రెట్లకు పైనే.

ఈ లెక్క మారదా అంటే మారుతుంది, నత్తనడకన. 2010లో ఒప్పుకున్న మార్పు అమెరికా కాంగ్రెస్ ఆమోదం కోసం ఐదేళ్లు ఆగి 2016 జనవరిలో అమల్లోకి వచ్చింది. 2023 డిసెంబరులో వాటా ధనాన్ని 50 శాతం పెంచడానికి ఒప్పుకున్నారు గానీ ఎవరి భాగం ఎంతన్నది మార్చలేదు. ఆ భాగాన్ని బట్టే సాయమూ అందుతుంది. కోవిడ్ కష్టకాలంలో, 2021 ఆగస్టులో, ఐఎంఎఫ్ 65,000 కోట్ల డాలర్ల విలువైన నిల్వలు సృష్టించి సభ్య దేశాలకు పంచింది. అందులో మొత్తం ఆఫ్రికా ఖండానికి దక్కింది సుమారు 3,300 కోట్లు. అవసరం ఎక్కువున్న చోటికి తక్కువ, తక్కువున్న చోటికి ఎక్కువ.

ఇప్పటి ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు అజయ్ బంగా బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివారు. ఆ వార్త వచ్చినప్పుడు మనవాళ్లు సంబరపడ్డారు, తప్పేమీ లేదు. కానీ ఆయన ఆ కుర్చీలో కూర్చున్నది అమెరికా పౌరుడిగా, అమెరికా అధ్యక్షుడు నామినేట్ చేయడం వల్ల. బ్యాంకు అధిపతి అమెరికా మనిషి, ఐఎంఎఫ్ అధిపతి యూరప్ మనిషి అన్న అలిఖిత ఒప్పందం ఎనభై ఏళ్లుగా తప్పలేదు.

ఈ దారి ఎవరికి సరిపోతుంది? గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్నవాళ్లకు ఇక్కడ పట్టు చాలా తక్కువ. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లకు మాత్రం నిజమైన పట్టు ఉంది. ఐఎంఎఫ్ వాటాల్లో మార్పుకు అమెరికా ఒప్పుకోవాలంటే అక్కడి కాంగ్రెస్ ఆమోదం కావాలి, ఆ కాంగ్రెస్ సభ్యుడిని ఎన్నుకునేది మీరు. వీసా బ్యాక్‌లాగ్ గురించి మీ ప్రతినిధి ఆఫీసుకు ఫోన్ చేసే అలవాటు మనవాళ్లలో బాగానే ఉంది. ఐఎంఎఫ్ కోటా, అంటే ఈ వాటాల గురించి ఫోన్ చేసినవాళ్లు నాకు తెలిసి ఒక్కరూ లేరు. నర్సరావుపేటలో మీ అమ్మానాన్నలకు లేని బరువు మీ ఒక్క ఓటుకు ఉంది.

రెండో దారి: ఫిర్యాదు తలుపు

ఓట్లు మారేదాకా ఆగలేనివాళ్ల కోసం పుట్టిన దారి ఇది. పుట్టించింది మన దేశపు జనమే. నర్మద మీద సర్దార్ సరోవర్ ఆనకట్టకు ప్రపంచ బ్యాంకు అప్పిచ్చింది. నిర్వాసితుల పోరాటం వల్ల బ్యాంకు స్వతంత్ర సమీక్ష వేయక తప్పలేదు. 1992లో ఆ నివేదిక బ్యాంకు తన సొంత నియమాలనే పాటించలేదని తేల్చింది. 1993 మార్చిలో మన ప్రభుత్వం మిగిలిన అప్పు వద్దనుకుంది. అదే ఏడాది ప్రపంచ బ్యాంకు ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ ఏర్పాటు చేసింది. బ్యాంకు ప్రాజెక్టు వల్ల నష్టపోయిన ఇద్దరు మనుషులు కలిసి ఫిర్యాదు చేస్తే చాలు, ప్రభుత్వం అనుమతి అక్కర్లేదు. ముందు బ్యాంకు అధికారుల దృష్టికి తీసుకువెళ్లి ఉండాలి. ప్రాజెక్టు ముగిసిన 15 నెలల దాకా తలుపు తెరిచే ఉంటుంది.

తెలుగు నేల మీద దీని కథ అమరావతి. రాజధాని ప్రాజెక్టుకు 30 కోట్ల డాలర్ల అప్పు ప్రతిపాదనలో ఉండగా, 2017లో కొందరు రైతులు, ఆ ప్రాంతవాసులు భూసమీకరణ వల్ల తమకు జరుగుతున్న నష్టం గురించి ప్యానెల్‌కు ఫిర్యాదు చేశారు. ప్యానెల్ పరిశీలించి విచారణ అవసరమంది. ఈలోగా 2019లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. జులైలో కేంద్రం అప్పు అభ్యర్థనను వెనక్కి తీసుకుంది, బ్యాంకు తప్పుకుంది. బీజింగ్ కేంద్రంగా ఉన్న ఆసియా మౌలిక వసతుల పెట్టుబడుల బ్యాంకు కూడా తన 20 కోట్ల డాలర్ల ప్రతిపాదన నుంచి తప్పుకుంది.

కథ అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. రాజధానిని నమ్మి భూములిచ్చిన రైతులు, మహిళలు శిబిరాల్లో కూర్చుని ఏళ్ల తరబడి దీక్ష చేశారు. అవే గ్రామాల్లో కొందరు ప్రాజెక్టు ఆగాలని తలుపు తడితే, ఇంకొందరు ప్రాజెక్టు ఆగినందుకు రోడ్డెక్కారు. ఇద్దరిదీ నిజమైన నష్టమే. 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు మళ్లీ వచ్చి 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది.

దీన్నుంచి నేను నేర్చుకున్నదేమిటంటే, ఈ తలుపు ఒక తప్పును బయటపెట్టగలదు, ఒక్కోసారి ఆపగలదు. ఏం కట్టాలి, ఎవరి కోసం కట్టాలి అని తేల్చలేదు. నర్మద ఆనకట్ట కూడా బ్యాంకు వెళ్లిపోయాక మన డబ్బుతోనే పూర్తయి 2017లో ప్రారంభమైంది. అయినా మూడో ప్రశ్నకు, అంటే వద్దంటే ఆగుతుందా అన్నదానికి, సామాన్యుడి చేతికి అందే దూరంలో ఉన్న జవాబు ప్రస్తుతానికి ఇదే. ఊళ్లో ఏదైనా విదేశీ అప్పుతో పని జరుగుతుంటే మొదట చూడాల్సింది ఇటే.

మూడో దారి: వర్తకానికి నియమాలు, వాటికో న్యాయస్థానం

ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) పేరెత్తితే మన పల్లెల్లో మంచి మాట వినపడదు, దానికి కారణాలున్నాయి. 1970 పేటెంట్ల చట్టం మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది గనుక హైదరాబాద్ చుట్టూ బల్క్ డ్రగ్ పరిశ్రమ మొలకెత్తింది, పేదవాడికి మందు అందే ధరకు దొరికింది. డబ్ల్యూటీవో ఒప్పందం ప్రకారం 2005లో మందుకే పేటెంటు ఇచ్చేలా చట్టం మార్చాల్సి వచ్చింది. 2020 అక్టోబరులో భారత్, దక్షిణాఫ్రికా కలిసి కోవిడ్ కాలానికైనా ఈ హక్కులు పక్కన పెట్టమని అడిగితే, 2022 జూన్ దాకా సాగదీసి టీకాల పేటెంట్ల మీద చిన్న సడలింపు ఇచ్చారు. అప్పటికి లక్షల మంది పోయారు.

ఇన్ని చెప్పాక కూడా నేను డబ్ల్యూటీవోను పూర్తిగా కొట్టిపారేయను. కారణం రొయ్య.

సముద్రంలో వలకు తాబేళ్లు చిక్కకుండా ఉండే పరికరం వాడని దేశాల రొయ్యలు కొనబోమని 1990లలో అమెరికా నిషేధం పెట్టింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి డబ్ల్యూటీవోకు వెళ్లాయి. 1998లో అప్పీలు మండలి తీర్పిచ్చింది. తాబేళ్లను కాపాడాలనుకోవడం సబబే, కానీ ఆ నియమాన్ని ఒక దేశానికి ఒకలా, ఇంకో దేశానికి ఇంకోలా వర్తింపజేయడం వివక్ష అంది. అమెరికా తన పద్ధతి మార్చుకుంది. అగ్రరాజ్యాన్ని నిలబెట్టి ప్రశ్నించడానికి ఒక చోటు ఉండేది.

ఆ చోటు ఇప్పుడు ఖాళీ. కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకుంటూ రావడంతో 2019 డిసెంబరు నుంచి ఆ మండలి పనిచేయడం లేదు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా భారత సరుకుల మీద సుంకం 50 శాతానికి చేర్చినప్పుడు, దేశంలోనే అత్యధికంగా రొయ్యలు పండించే ఆంధ్ర తీరంలో ఆక్వా రైతు గుండె జారింది. ఆ సుంకం వేసినవాళ్లను భీమవరం రైతు ఎన్నుకోలేదు, దించలేడు. మేత ధర తగ్గదు, చెరువు లీజు తగ్గదు, కిలోకు తూగే రొయ్యల లెక్కన ఇచ్చే కౌంటు ధర ఒక్కటే పడిపోతుంది. ఫిర్యాదు మీద చివరి మాట చెప్పే అప్పీలు మండలికి మనుషులే లేరు.

నియమాలు చెడ్డవైతే మార్చమని పోట్లాడవచ్చు. నియమమే లేని చోట బలవంతుడిదే మాట. అందుకే "డబ్ల్యూటీవో పోతే పీడ పోయె" అనే మిత్రులతో నేను ఏకీభవించను. అయితే ఇది ప్రభుత్వాలు, లాయర్లు నడిచే దారి. ఆక్వా రైతు సంఘం దీని మీద చేయగలిగింది ఢిల్లీ మీద ఒత్తిడి తేవడమే.

నాలుగో దారి: దేశానికో ఓటున్న చోట పెట్టుబడికి పన్ను వేయడం

నాకు అన్నిటికంటే ఆశ కలిగించేది ఇదే గనుక కాస్త ఓపిగ్గా చదవండి.

ఒక కంపెనీ మన దగ్గర ప్రకటనలు అమ్ముకుని లాభం ఇంకో దేశంలో చూపిస్తే పన్ను ఎవరిది? ఈ నియమాలు దశాబ్దాలుగా పారిస్‌లోని ఓఈసీడీలో, సంపన్న దేశాల క్లబ్బులో తయారయ్యాయి. భారత్ ఒంటరిగా ఒక ప్రయత్నం చేసింది. 2016లో విదేశీ కంపెనీల ఆన్‌లైన్ ప్రకటనల మీద 6 శాతం లెవీ, 2020లో ఆన్‌లైన్ అమ్మకాల మీద 2 శాతం లెవీ పెట్టింది. అమెరికా దాన్ని వివక్ష అంటూ ఎదురు సుంకాల బెదిరింపులు చేసింది. 2 శాతాన్ని 2024 ఆగస్టులో, 6 శాతాన్ని 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వమే ఎత్తేసింది. 140 కోట్ల జనాభా ఉన్న దేశమే ఒంటరిగా నిలబడలేకపోతే మలావీ, నేపాల్ ఏం నిలబడతాయి?

ఆ ప్రశ్నకు జవాబు ఆఫ్రికా దేశాలు చూపించాయి. పన్ను నియమాలను పారిస్ నుంచి ఐక్యరాజ్య సమితికి మార్చమని తీర్మానం పెట్టాయి. 193 దేశాలకు సమానంగా ఒక్కో ఓటున్న సభలో, 2023 నవంబరులో 125 దేశాలు అవునన్నాయి, 48 కాదన్నాయి, 9 తటస్థంగా ఉన్నాయి. కాదన్నవాటిలో అమెరికా, బ్రిటన్, జపాన్, యూరోపియన్ యూనియన్ దేశాలు ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో అమెరికా చర్చల నుంచి లేచి వెళ్లిపోయింది. మిగతా దేశాలు ఆగలేదు. 2027 నాటికి ముసాయిదా ఒప్పందం సిద్ధం చేయాలన్నది లక్ష్యం. డిజిటల్ సేవల లాంటి సరిహద్దులు దాటే వ్యాపారం మీద పన్ను గురించి దానితోపాటే ఒక అనుబంధ ఒప్పందం కూడా.

దీనిలో లోపం నాకు తెలుసు. దేశానికో ఓటు అంటే పన్నెండు వేల మంది ఉన్న నౌరూకూ మనకూ ఒకే బరువు. ఓటు వేసేది ప్రభుత్వాలు, ప్రజలు కాదు. బలమైన దేశాలు సంతకం పెట్టకపోతే ఒప్పందం సగం కాగితమే. అయినా పెట్టుబడి వ్యవస్థకు ప్రాణమైన చోట, లాభం ఎక్కడికి పోతుందన్న చోట, పేద దేశాలు మెజారిటీగా కూర్చుని నియమం రాస్తున్నాయి. 1974లో ఇదే సభ కొత్త అంతర్జాతీయ ఆర్థిక క్రమం కావాలని తీర్మానం చేసింది. 1982లో మెక్సికోతో మొదలైన అప్పుల సంక్షోభం ఆ దేశాల నడుము విరిచింది, తీర్మానం మూలపడింది. ఈసారి తీర్మానం దగ్గర ఆగకుండా ఒప్పందం రాసే దాకా వచ్చారు, పని కూడా ఒక్క పన్నుకే పరిమితం చేసుకున్నారు. ఆ పరిమితే దీని బలం అనుకుంటున్నాను.

ప్రపంచ పార్లమెంటు: అందమైన దారి, పొడుగాటి దారి

మనిషికో ఓటుతో ప్రపంచమంతటికీ ఒక సభ ఉండాలన్న కోరిక పాతది. ఐరాసకు అనుబంధంగా పార్లమెంటరీ సభ కావాలని 2007 నుంచి ఒక ఉద్యమం నడుస్తోంది. నమూనాగా యూరోపియన్ పార్లమెంటును చూపిస్తారు. 1952లో నామినేటెడ్ సభగా మొదలై 1979లో నేరుగా ఎన్నికల దాకా వచ్చింది. ఇప్పుడు 720 మంది సభ్యులు.

దక్షిణాది పాఠకులకు దీని చిక్కు వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే మనం నియోజకవర్గాల పునర్విభజన గొడవ మధ్యలో ఉన్నాం. 1971 జనాభా లెక్క మీద రాష్ట్రాలకు లోక్‌సభ సీట్ల పంపకాన్ని ఆపి ఉంచారు. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలకు సీట్ల నిష్పత్తి తగ్గుతుందా అని మనం భయపడుతున్నాం. ప్రపంచ సభలో జనాభా లెక్కన సీట్లిస్తే భారత్, చైనా రెండిటికే మూడో వంతుకు పైగా పోతాయి. అక్కడ మనం ఉత్తరప్రదేశ్ స్థానంలో ఉంటాం! ఇక్కడ ఒక న్యాయం, అక్కడ ఇంకో న్యాయం అడగలేం కదా. యూరప్ దీన్ని చిన్న దేశాలకు ఎక్కువ బరువిచ్చి సర్దుకుంది. మాల్టాకు 6 సీట్లు, జర్మనీకి 96. ఎన్నికలే సరిగా జరగని దేశాల నుంచి ఎవరు వస్తారన్న ప్రశ్న వేరే ఉంది. పైగా అన్నేళ్ల తర్వాత కూడా యూరోపియన్ పార్లమెంటుకు సొంతంగా చట్టం ప్రతిపాదించే అధికారం లేదు. గ్రీస్ కష్టంలో ఉన్నప్పుడు తేల్చినది ఆర్థిక మంత్రులు, కేంద్ర బ్యాంకు.

రాజ్యాంగ శాస్త్రం చదివే పిల్లలు దీని మీద పని చేయాలి, ముసాయిదాలు రాయాలి. అప్పుల్లో ఉన్న మనిషికి మాత్రం ఇప్పుడే దీన్ని సూచించను.

బ్రిక్స్ బ్యాంకు, తెంపుకోవడం, సామాజిక వేదిక

ఈ మూడింటి గురించి క్లుప్తంగా చెబుతాను.

బ్రిక్స్ దేశాల (బ్రెజిల్, రష్యా, భారత్, చైనా, దక్షిణాఫ్రికా) కొత్త అభివృద్ధి బ్యాంకు 2014లో పుట్టింది. ఈ ఐదు వ్యవస్థాపక దేశాలకూ సమాన వాటా, ఎవరికీ వీటో లేదు. బేరమాడేటప్పుడు రెండో దుకాణం ఉండటం మంచిదే. ఆంధ్రప్రదేశ్ రోడ్లకు కూడా అప్పిచ్చింది. కానీ వ్యవస్థాపక దేశాల ఓటు 55 శాతానికి తగ్గకూడదని వాళ్లూ రాసుకున్నారు. రోడ్డు కింద పొలం పోయిన మనిషి నేరుగా ఫిర్యాదు చేసే ఏర్పాటులో ఇది ప్రపంచ బ్యాంకు కంటే వెనకబడే ఉంది. ప్రభుత్వాల మధ్య సమానత్వాన్ని జనం చేతికొచ్చిన అధికారమని పొరబడకండి.

తెంపుకోవడం అంటే ఈజిప్టు ఆర్థికవేత్త సమీర్ అమీన్ చెప్పిన దారి. తలుపులు మూసుకోమని కాదు, బయటి సంబంధాలు లోపలి అవసరాలకు లోబడి ఉండాలని. సూత్రం సరైనదే. కానీ 1991 జులైలో, పి.వి.నరసింహారావు ప్రధాని అయిన కొత్తల్లో, దిగుమతులకు డాలర్లు లేక 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో తాకట్టు పెట్టాల్సి వచ్చిన దేశం మనది. చమురు కొనుక్కుని బతికే ఆర్థిక వ్యవస్థకు ఇది ఒక్క రాత్రిలో తీసుకునే నిర్ణయం కాదు.

ప్రజా ఉద్యమాలు కలుసుకునే ప్రపంచ సామాజిక వేదిక 2001 జనవరిలో బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రేలో మొదలైంది. 2003 జనవరిలో ఆసియా వేదిక హైదరాబాద్‌లోనే జరిగింది, మరుసటి ఏడాది ముంబైలో ప్రపంచ వేదిక. దళిత సంఘాలు, చేనేత కార్మికులు, మత్స్యకారులు తమలాంటివాళ్లు వేరే దేశాల్లోనూ ఉన్నారని కళ్లారా చూశారు. ఆ విలువను తక్కువ చేయను. కానీ వేదిక పేరుతో ఎవరూ నిర్ణయం చేయకూడదన్నది దాని ప్రణాళికలోనే ఉంది. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దంటూ ప్రపంచమంతటా లక్షల మంది నడిచారు. నెల తిరిగేసరికి యుద్ధం మొదలైంది. పరిచయాలకు, నేర్చుకోవడానికి వెళ్లండి. ఆపడానికి ఇంకో పనిముట్టు కావాలి.

వ్యవస్థ ఎటు పోతుందన్నదాన్ని బట్టి ఎంపిక మారుతుందా?

ప్రపంచాన్ని కేంద్రం (సంపన్న దేశాలు), అంచు (పేద దేశాలు), మధ్య అంచు (ఆ రెంటి నడుమవి) అని విడదీసి చూసిన సామాజిక శాస్త్రవేత్త ఇమ్మాన్యుయేల్ వాలర్‌స్టీన్ 2019లో చనిపోయారు. ఐదు వందల ఏళ్ల ఈ పెట్టుబడి వ్యవస్థ తన చివరి సంక్షోభంలో ఉందని, ఈ శతాబ్దం మధ్యనాటికి దాని స్థానంలో మరొకటి వస్తుందని ఆయన నమ్మారు. వచ్చేది మెరుగైనదే అవుతుందని మాత్రం ఆయన హామీ ఇవ్వలేదు. ఇంతకంటే క్రూరమైన అంతస్తుల వ్యవస్థ రావచ్చు, ఇంతకంటే సమానమైనదీ రావచ్చు అన్నారు. జెనోవా, ఆమ్‌స్టర్‌డామ్, లండన్, న్యూయార్క్ అంటూ కేంద్రం చోటు మార్చుకుంటూ వచ్చింది, ఇప్పుడు ఆసియాకు మారుతుంది అన్నది సామాజిక శాస్త్రవేత్త జొవాన్ని అర్రిగి లాంటివాళ్ల వాదన. సుంకాల గోడల మధ్య ప్రపంచం ముక్కలవుతుందన్నది ఇప్పుడు కళ్లెదుట కనిపిస్తున్న మూడో అవకాశం.

నేను ఈ మూడింటిలో దేన్నీ గట్టిగా నమ్మి పందెం కట్టను. ఎంపికకు మాత్రం ఇవి పనికొస్తాయి. ముక్కలైతే ఐఎంఎఫ్ సంస్కరణ, డబ్ల్యూటీవో రెండూ నీరసిస్తాయి. కేంద్రం ఆసియాకు మారితే బీజింగ్, షాంఘైల బ్యాంకులను ప్రశ్నించడం మనం నేర్చుకోవాలి, వాషింగ్టన్‌ను ప్రశ్నించినంత గట్టిగా. వ్యవస్థే కూలితే ప్రజలకు లెక్క చెప్పే అలవాటు ఎక్కడెక్కడ వేళ్లూనుకుని ఉందో అక్కడి నుంచే కొత్తది మొలుస్తుంది. మూడు చోట్లా పనికొచ్చేవి రెండు: దేశాలు కలిసి పెట్టుబడి మీద పన్ను వేయగలగడం, ఊరి మనిషి పెద్ద అప్పును నిలదీయగలగడం. నేను ఈ రెండింటి వైపు మొగ్గు చూపడానికి కారణం అదే.

మీరెవరైతే ఏది

అమెరికా పౌరులైన తెలుగువాళ్లు ఒకటో దారి పట్టండి, మీకే ఆ వీలుంది. ఆర్థికశాస్త్రం, లా చదివే పిల్లలు పన్ను ఒప్పందం చర్చలను వెంబడించి తెలుగులో రాయండి. మన పార్లమెంటు సభ్యులకు ఆ ప్రశ్నలు అందించండి. దాని మీద భారత్ ఏ వైఖరి తీసుకుంటోందో సభలో అడిగించడం ఖర్చులేని పని. ఆక్వా, మిర్చి, పొగాకు రైతు సంఘాలు వర్తక న్యాయస్థానం మళ్లీ తెరుచుకోవాలన్న డిమాండును తమ పత్రంలో చేర్చుకోవాలి. పేటెంటు, సుంకం రెండూ ఢిల్లీలో కాక, డబ్ల్యూటీవో ఉన్న జెనీవాలో తేలే రోజులు ఇంకా పోలేదు.

ఊళ్లో ఉన్నవాళ్లకు నా సూచన వేరు. దానికి విదేశీ నమూనా అక్కర్లేదు. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని 2006 నుంచి పద్ధతిగా నడిపించి దేశానికి దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. చదువుకున్న కూలీల పిల్లలే ఇల్లిల్లూ తిరిగి మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) సరిచూసి, సభలో పేరుపేరునా చదివి వినిపించారు. పని చేయని పేరు మస్టర్లో ఉంటే అక్కడే లేచి చెప్పినవాళ్లున్నారు. అదే పద్ధతిని విదేశీ అప్పుతో నడిచే పనులకు ఎందుకు పెట్టకూడదు? ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టు పత్రాలు దాని వెబ్‌సైటులో ఎవరైనా దించుకోవచ్చు. రాష్ట్ర శాఖ దగ్గరున్న కాగితాలకు సమాచార హక్కు చట్టం ఉంది. పత్రం ఇంగ్లీషులో ఉంటుంది, వంద పేజీలుంటుంది. భయపడకండి. అప్పు ఎంత, ఎన్నేళ్లలో కట్టాలి, చార్జీలు పెంచుతామని ఏమైనా మాటిచ్చారా, భూమి పోయేవాళ్లకు ఏమిస్తామన్నారు, ఫిర్యాదు ఎవరికి చేయాలి అన్న ఐదు సంగతులు వెతికి తెలుగులో ఒక్క పేజీ రాయండి. ఆ పేజీని వచ్చే గ్రామసభ ఎజెండాలో పెట్టమని పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.